సాలుకి అటువైపు

మా అత్తగారికి హిల్‌టౌన్ వీధి పైనుంచి కిందికి దిగడానికి గంటన్నర పట్టేది. మామూలు మనుషులకి అది పది నిమిషాల దారి. కాళ్ళలో లోపమేమీ లేదు, అరవై దాటినా మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కేసేది. దారిలో కనిపించిన ప్రతి మనిషినీ ఆపి, వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ, పిల్లల పెళ్ళిళ్ళూ, కుక్క ఆరోగ్యమూ కనుక్కుంటే తప్ప ఇంటికొచ్చి తాగే టీ ఆవిడకి రుచించేది కాదు. పొద్దున్న టిఫిన్‌కి రొట్టె తెస్తానని వెళ్తే ఆ రొట్టె మధ్యాహ్నానికి వచ్చేది. కొత్త కోడల్ని, నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు నా వయసు ఎనభై అయిదు. అదే వీధిలో కర్ర పట్టుకుని దిగుతుంటే, ఆగి పలకరించే మనిషి ఒక్కరు దొరికినా ఆ రోజు బాగుందనుకుంటాను.

ఆవిడ పేరు యుఫీమియా పెట్రీ. డండీ ఊరంతటికీ ఫీమీ. సొంత మనవలు ఏడుగురు, వీధిలో పిల్లలంతా ఊరికే వచ్చిన మనవలు. నానమ్మా అని పిలిస్తే పలికేది కాదు, ఏప్రన్ పట్టుకుని లాగాలి. ఎందుకంటే ఆవిడకి చెవుడు. నలభై రెండేళ్ళు జనపనార మిల్లులో మగ్గాల దగ్గర నిలబడిన మనిషి. ఆ షెడ్డులో పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని నేతపని ఆడవాళ్ళంతా పెదాలు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకున్నారు. మిల్లు మానేశాక కూడా ఆ విద్య పోలేదు. ఎండాకాలం సాయంత్రాలు, పది దాటినా వెలుతురు ఉండే రోజుల్లో, కిటికీ పైకెత్తి, దిండు వేసుకుని, మోచేతులు ఆన్చి కూర్చునేది. వీధికి అటువైపు కిటికీలో ఇంకొకావిడ. ఇద్దరూ పెదాలు కదుపుతూ, చప్పుడన్నది లేకుండా అరగంటసేపు కబుర్లాడుకునేవాళ్ళు. మధ్యలో ఇద్దరూ ఒక్కసారి పకపకా నవ్వేసరికి కింద నడిచే కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

ఇంతమందితో మాట్లాడే మనిషి ఒక్కరితో మాత్రం మాట్లాడేది కాదు. సొంత చెల్లెలు బీనీతో. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు వాళ్ళమ్మ పోయింది. ఆ అంత్యక్రియల రోజు నుంచీ మాటల్లేవు.

"మీ పిన్నితో మీ అమ్మకి ఏమిటి గొడవ?" అని పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఆలెక్‌ని అడిగాను.

"గడియారం. అమ్మమ్మ గోడగడియారం పిన్ని పట్టుకెళ్ళింది."

"అని మీ అమ్మ చెప్పిందా?"

"లేదు, పిన్ని అలా అనుకుంటోంది."

"మరి మీ అమ్మని అడగలేకపోయావా?"

"షీనా, నాకింకా ముప్పై నిండలేదు. కొన్నాళ్ళు బతకనీ."

బీనీ పిన్నిది లాకీ పేట. మిల్లుకి వెళ్ళలేదు, పెళ్ళీ చేసుకోలేదు. ఇంట్లోనే గోనెసంచులు కుడుతూ, పక్షవాతంతో మంచాన పడ్డ తల్లికి రెండేళ్ళు చేసింది. మా పెద్దది పుట్టినప్పుడు తెల్లటి ఊలు శాలువా అల్లి పక్కింటివాళ్ళ చేత పంపింది. అత్తగారు దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "అల్లిక బాగుంది" అంది. ఎవరు అల్లారని అడగలేదు. అడక్కుండానే తెలుసని మొహం చెప్పింది. ఆ రోజు నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేలోగా వీళ్ళు ఒక్క మాటైనా అనుకుంటారా అని అప్పటినుంచీ నాకొక దిగులు.

మిల్లులు మూసేసే జులై రెండు వారాలూ మేము బ్లెయిర్‌గౌరీకి రాస్ప్‌బెర్రీలు కోయడానికి వెళ్ళేవాళ్ళం. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడా పొలాలన్నీ ప్లాస్టిక్ గుడారాల కింద ఉన్నాయి, కోసేవాళ్ళు ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు. అప్పుడు పొద్దున్న ఆరింటికి హిల్‌టౌన్ అడుగున బస్సు. చేతిలో ఫ్లాస్కూ, జామ్ రాసిన రొట్టెముక్కలూ, నడుముకి కట్టుకునే చిన్న బకెట్టూ. అత్తగారు బస్సులో సీటున్నా కూర్చునేది కాదు. కూర్చుంటే ముందువాళ్ళ వీపులే కనిపిస్తాయి. డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని, మా అందరి మొహాలూ కనిపించేలా వెనక్కి తిరిగి నిలబడేది.

"ఏమే లీజీ, కొత్త పళ్ళా? ఏదీ, నవ్వు."

"నవ్వితే ఒళ్ళో పడతాయే ఫీమీ!"

"పడనీ. ముందు సీట్లో ముసలాయనకి పళ్ళు లేవు, పనికొస్తాయి."

ఆ ముసలాయన కూడా నవ్వాడు. అలా నలభై నిమిషాల దారి నాలుగు నిమిషాల్లా గడిచిపోయేది. ఆ బస్సు వాసన, తడి కోట్లూ టీ కలిసిన వాసన, ఇప్పటికీ ఒక్కోసారి ముక్కుకి తగులుతుంది. తగిలితే కళ్ళలో నీళ్ళొస్తాయి, దాచుకోవడం ఎందుకు.

రాస్ప్‌బెర్రీ సాళ్ళు మనిషికంటే ఎత్తు. జులైలో ఆకు గుబురుగా ఉంటుంది. ప్రతి సాలుకీ ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు కోసుకుంటూ వెళ్ళాలి, లేకపోతే లోపలి పండు మిగిలిపోతుంది. అటువైపు మనిషి చేతులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. ఆ సంవత్సరం, 1958లో, మా పెద్దది ఎనిమిది నెలల పాప. ఖాళీ పళ్ళపెట్టెలో కోటు పరిచి, ఆ తెల్ల శాలువా కప్పి, సాలు మొదట్లో పడుకోబెట్టాను. నేనూ అత్తగారూ ఒకే వైపు. నేను కింది కొమ్మలు, ఆవిడ పై కొమ్మలు.

మేస్త్రి గెడ్డీస్ వచ్చాడు. నోట్లోంచి పొగాకు పైపు తీయకుండా మాట్లాడే మనిషి. "మీకు అటువైపు లాకీ బస్సులోంచి బీనీ గార్వీని పెడుతున్నా, సరేనా?" అన్నాడు.

అత్తగారికి పైపు కదలడం తప్ప ఏమీ కనిపించలేదు. "మంచిది మంచిది" అని చెయ్యి ఊపి బకెట్టు నడుముకి బిగించుకుంది.

చెప్పాలా వద్దా? చెబితే బకెట్టు అక్కడే పడేసి ఇంకో సాలుకి పోతుంది, ఆ కోపం వారంపాటు ఇంట్లో నేను భరించాలి. ఆవిడ మోచెయ్యి తట్టబోయాను. అంతలో ఆకుల సందులోంచి బీనీ పిన్ని మొహం కనిపించింది. పొలమంతా వినిపించే గొంతు మా అత్తగారిది, ఎవరి పక్కకి వచ్చిందో పిన్నికి తెలిసిపోయింది. వేరే సాలు అడగవచ్చు. అడగలేదు. నన్ను చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను.

"ఏమ్మా, నీదే పేట?" అని అత్తగారు ఆకుల్ని అడిగింది. "సరేలే, చెప్పినా నాకు వినపడి చావదు. మగ్గాలు తినేశాయి నా చెవులు. నేనే మాట్లాడతా, నువ్వు కోస్తూ ఉండు. విసుగొస్తే ఓ పండు విసిరెయ్, ఆపేస్తా."

పండు రాలేదు. మొదలుపెట్టింది. మా వీధిలో ఎవరి పిల్లి ఎవరింట్లో ఈనిందో, లీజీ కొత్త పళ్ళ కథేమిటో, ఫాదర్ గారి ఉపన్యాసంలో గురకపెట్టిందెవరో, అన్నీ చెప్పింది. అటువైపు చేతులు ఆగకుండా కోస్తూనే ఉన్నాయి.

"ఈ పొలానికే మా అమ్మ మమ్మల్ని తీసుకొచ్చేది," అంది కాసేపయ్యాక. "రెండు వారాలు ఆ కొట్టంలోనే గడ్డిమీద పడక. మా చెల్లి కోసినవన్నీ తినేసేది. సాయంత్రం అమ్మ 'నాలుక చూపించవే' అంటే పెదాలు బిగించుకుని కూర్చునేది. దాని బదులు నేను కోసి, దాని బకెట్టులో పోసేదాన్ని."

సందులోంచి చూశాను. పిన్ని నవ్వుతోంది.

అప్పుడే పాప ఏడిచింది. వెళ్ళి ఎత్తుకుని, సముదాయించి, తిరిగి వచ్చేసరికి అత్తగారి గొంతు మారిపోయింది. నేను వెనక నిలబడ్డ సంగతి ఆవిడకి తెలియదు.

"అమ్మ అంత్యక్రియల రోజు, అంతా అయ్యాక హాల్లో టీ ఇస్తున్నారు. నా చెల్లెలు ఆ మూల, నేనీ మూల. పక్కింటావిడతో అంటోంది, 'మా అక్క డండీ అంతటితోనూ మాట్లాడుతుంది, అమ్మ దగ్గర మాత్రం పది నిమిషాలు కూర్చోలేదు' అని. నాకు వినపడలేదనుకుంది. నాకు వినపడక్కర్లేదుగా, పెదాలు కనిపిస్తే చాలు."

అటువైపు చేతులు ఆగిపోయాయి.

"అబద్ధమైతే అక్కడే వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని. నిజం కాబట్టే నోరు పెగల్లేదు. ఎందుకు కూర్చోలేదో దానికేం తెలుసు? పక్షవాతంతో అమ్మ మూతి ఓ పక్కకి వంకర తిరిగిపోయింది. పెదాలు ఎటు కదిలేవో తెలిసేది కాదు. వీధికి అవతల ఎవడు ఎవణ్ణి తిట్టినా నాకు తెలుస్తుంది, మా అమ్మ మాట ఒక్క ముక్క తెలియలేదు. రెండేళ్ళు. ఏదో అనేది. నేను తల ఊపేదాన్ని. తను ఇంకేమీ అనకుండా నేనే ఏదో ఒకటి వాగేదాన్ని. అలా వాగలేక లేచిపోయేదాన్ని. అమ్మ మాట నాకు అర్థం కావట్లేదని ఎవరితో చెప్పుకోను? నువ్వెవరో తెలియదు కాబట్టి నీతో చెబుతున్నా."

నాకు సిగ్గేసింది. నాలుగేళ్ళుగా ఆవిడ వాగుడుకి విసుక్కుంటూనే ఉన్నాను. తనే మాట్లాడుతూ ఉంటే ఎదుటివాళ్ళ మాట అందుకోవాల్సిన బాధ తప్పుతుందని నాకు ఒక్కసారీ తోచలేదు.

"అక్కా," అంది బీనీ పిన్ని ఆకుల వెనక నుంచి. అత్తగారు పండు కోస్తోంది. "అక్కా!" అని ఇంకా గట్టిగా అంది. రెండు సాళ్ళ అవతల ఎవరో తిరిగి చూశారు. అత్తగారు చూడలేదు.

అప్పుడు పిన్ని రెండు చేతులతో కొమ్మల్ని చీల్చుకుని మొహం లోపలికి పెట్టింది. ముళ్ళు గీరుకుని ముంజేతులు ఎర్రబడ్డాయి. అక్కాచెల్లెళ్ళ మొహాల మధ్య జానెడు దూరం.

"నువ్వా?" అంది అత్తగారు. "ఎప్పట్నించి?"

"పొద్దుట్నించీ."

"చెప్పవేం మరి?"

"చెప్తే వెళ్ళిపోతావుగా."

అత్తగారి మొహం జేవురించింది. బకెట్టు తాడు విప్పబోయింది. పిన్ని కొమ్మల్లోంచి చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఈ ఒక్కటీ చూసి వెళ్ళు. నా మూతి చూడు." మిల్లులో పనిచెయ్యకపోయినా ఎలా మాట్లాడాలో పిన్నికి తెలుసు. ఒక్కొక్క మాటా విడదీసి, పెదాలు పెద్దగా కదిపి చెప్పింది. "నువ్వు వచ్చి వెళ్ళాక అమ్మ నన్ను కూర్చోబెట్టి, నువ్వు చెప్పిందంతా మళ్ళీ చెప్పమనేది. నేను చెప్తే నచ్చేది కాదు. 'నీకు రాదే, దానిలా చెప్పు' అనేది. ఎత్తి పడుకోబెట్టింది నేను, సూప్ తాగించింది నేను. ఎదురుచూసింది నీకోసం. నాకు మండదా అక్కా?"

అత్తగారి వేళ్ళు బకెట్టు తాడుని వదిలేశాయి.

"పైగా నువ్వు లేచిన ప్రతిసారీ అమ్మ ఒకే మాట అనేది. నువ్వు సరేనని తల ఊపేదానివి. ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేదానివి. విని కూడా పోతోంది, ఇదెంత కఠినురాలు అనుకున్నా. నీకు తెలియలేదని నాకేం తెలుసే?"

"ఏమనేది?"

పిన్ని మొహం తిప్పుకోబోయింది. తిప్పుకుంటే అక్కకి కనిపించదని గుర్తొచ్చి ఆగింది. "ఇప్పుడెందుకులే."

"ఏమనేదే బీనీ?"

"'ఇంకాసేపు కూర్చోవే' అనేది."

అత్తగారు పిన్ని మూతి వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఉన్నచోటే, సాలు పక్కన, ఆ తడి మట్టిలో గౌనుతోనే కూలబడిపోయింది. బకెట్టు ఒరిగి పళ్ళు మట్టిలో పడ్డాయి. అంత పొడుగు సాలు చివరిదాకా పరిగెత్తి, చుట్టూ తిరిగి వచ్చి, పిన్ని ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం టీకి ఈల వేశారు. అందరూ లేచి ఫ్లాస్కుల దగ్గరికి వెళ్తున్నారు.

నేను పాపని చంకనేసుకుని ఎదురుగా వంగాను. "లేవండి అత్తయ్యా, టీ తాగుదురుగాని."

ఆవిడ నన్ను చూడలేదు. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. నాలుగేళ్ళు ఆవిడతో కలిసి ఉన్నాను కదా, ఆ పాటి చదవడం నాకూ వచ్చింది.

"కూర్చున్నానమ్మా," అంటోంది. "కూర్చున్నాను."