అమ్మ మూకుడు అడుగున

పాత ఇనప మూకుళ్లు ఏరుకొచ్చి బాగుచేయడం నా పని. పని కాదు, పిచ్చి అనేవాడు మా ఆయన. మా సెక్వాచీ లోయలో ఎవరి కోళ్లగూట్లో తుప్పు పట్టిన మూకుడు దొరికినా ముందు కబురు ఓలెటాకే, అంటే నాకే. కాడ పట్టుకుని తిరగేసి అడుగు చూశానంటే ఎప్పుడు పోత పోశారో పదేళ్లు అటూ ఇటూగా చెప్పేస్తాను. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది.

వచ్చిన ప్రతి మూకుడికీ ముందు సీసం పరీక్ష చేస్తాను. ఇక్కడి మగాళ్లకు వంటింటి మూకుడులో సీసం కరిగించి చేపల గాలాలకు బరువు గుండ్లు పోసుకోవడం తాతల నాటి అలవాటు. పసుపు కొసున్న పరీక్ష పుల్లతో రుద్దినప్పుడు పుల్ల ఎర్రబడితే ఆ మూకుడు గోడకు తగిలించుకోవాల్సిందే, పొయ్యి మీదకు పనికిరాదు.

అమ్మ మూకుడికి మాత్రం పరీక్ష అక్కర్లేదనుకున్నాను. ముత్తవ్వ బండిలో వేసుకుని కొండ దాటి తెచ్చిందని అమ్మ చెప్పేది. అడుగున నూనె, మసి గడ్డకట్టి ఏమీ కనిపించేది కాదు. దాన్ని ఎవరినీ తోమనిచ్చేది కాదు అమ్మ. రెండేళ్ల కిందట కిడ్నీలు చెడి అమ్మ పోయాక అది నా దగ్గరికొచ్చింది. మా అమ్మాయి ట్రీనాకు ఇప్పుడు ఏడో నెల. శనివారం చర్చి హాల్లో దానికి అందరూ కానుకలిస్తారు. అమ్మ మూకుడు శుభ్రం చేసి ఇద్దామని మంగళవారం నాడు తీసి మసి వదిలించే కాస్టిక్ సోడా తొట్టి దగ్గర పెట్టాను.

సరిగ్గా అప్పుడే తమ్ముడు డోయల్ వచ్చాడు.

"దాన్ని తొట్టిలో వెయ్యకక్కా," అన్నాడు గుమ్మంలోంచే.

"ఏం, ఇప్పుడు నీక్కావాలా? అమ్మ పోయినప్పుడు అడిగితే వద్దన్నావుగా."

"నాకని కాదు. ముందు సీసం పరీక్ష చెయ్యి."

"అమ్మ మూకుడికా? మతుండే మాట్లాడుతున్నావా?"

వాడు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వాడి పదమూడో ఏట అమ్మ వారం రోజులు పిన్ని వాళ్లింటికి వెళ్లింది. ఆ వారంలో వీడు కారు చక్రాలకు తూకం కోసం కొట్టే సీసం బిళ్లలు ఆ మూకుడులో కరిగించి గాలం గుండ్లు పోశాడట. పనయ్యాక ఇసకతో తోమి, పందికొవ్వు రాసి, ఎప్పటిలా మేకుకు తగిలించాడట. సీసం విషమని పద్దెనిమిదో ఏట బ్యాటరీల ఫ్యాక్టరీలో చేరాకే తెలిసింది.

"తెలిశాకైనా చెప్పొద్దట్రా?"

"ఏం మొహం పెట్టుకుని చెప్పనక్కా? అప్పటికే అయిదేళ్లుగా అందరం తింటున్నాం. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ..."

"నువ్వు మాత్రం మానేశావు!"

ఆదివారం ఆదివారం అమ్మ మొక్కజొన్న రొట్టె కోసి వాడి పళ్లెంలో పెట్టేది, వాడు కడుపులో బాగోలేదని పక్కకు జరిపేసేవాడు. పెళ్లాం చేతి రొట్టె రుచి మరిగాడని మేమంతా వెక్కిరించేవాళ్లం. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"మేం ఏమైపోయినా ఫరవాలేదు, నువ్వు బతికితే చాలనుకున్నావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయను.

అంతా విన్నాడు. "అమ్మ కిడ్నీలు నా వల్లే పోయాయేమోనక్కా. రెండేళ్లుగా కంటి మీద కునుకు లేదు. ఏదో ఒకటి తేల్చి చెప్పు," అన్నాడు.

సీసం తగిలిన మూకుడు పడితే తొట్టెడు నీళ్లూ పాడే. అందుకని వేరే బకెట్లో సోడా కలిపి దాన్నొక్కదాన్నే ముంచాను. మూడు రోజులు పట్టింది. డోయల్ రోజూ వచ్చి, కబుర్లూ కాకరకాయలూ లేకుండా, బకెట్ పక్కన కుర్చీ వేసుకు కూర్చునేవాడు.

శుక్రవారం పొద్దున బయటికి తీసి ఇనప పీచుతో రుద్దాను. బూడిదరంగు ఇనుము తేలింది. పరీక్ష పుల్ల తీసి లోపలంతా రుద్దితే పసుపు పసుపుగానే ఉండిపోయింది. ఇంకో పుల్ల తీశాను. అదీ అంతే.

"పుల్లలు పాతబడ్డాయేమో," అన్నాడు.

వాడి గాలం పెట్టెలోంచి ఒక గుండు తీసి మూడో పుల్లతో రుద్దాను. చూస్తుండగానే ఎర్రబడింది.

"మరి మూకుడులో సీసం ఎటుపోయిందక్కా? నా చేత్తో నేనే పోశానుగా!"

అప్పుడు తిరగేసి చూశాను. ముత్తవ్వ కాలం మూకుడైతే అడుగున పోత పోసిన చోట అడ్డంగా గీత ఉండాలి. గీత లేదు. మేడ్ ఇన్ యు.ఎస్.ఎ. అని అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు మూకుళ్ల మీదకెక్కింది నేను బడికెళ్లే రోజుల్లో. పాతవి తేలిగ్గా, లోపల నున్నగా ఉంటాయి; దీనికి లోపలంతా కొత్త పోతల గరుకే. బరువుగా ఉందంటే మసి బరువనుకున్నాను. ఊరందరి మూకుళ్ల జాతకాలూ చెప్పేదాన్ని, మా అమ్మది పట్టుకోలేకపోయాను. దీపం కిందే చీకటి.

"ఇది ఆ మూకుడు కాదురా. అమ్మ దాన్ని ఎక్కడో పారేసి, కొత్తది కొని, నూనె పట్టించి నల్లబరిచి అదే మేకుకు తగిలించింది."

"అంటే అమ్మకి తెలుసా?"

తెలుసు. పిన్ని వాళ్లింటి నుంచి రాగానే ఇసకతో తోమిన మూకుడు చూసి కనిపెట్టి ఉంటుంది. తెలిసే మా అందరికీ ముత్తవ్వ కథ చెబుతూ వచ్చింది, కొడుకు చేసింది బయటపడకుండా. వాడంతట వాడే వచ్చి చెప్తాడని చూసి ఉంటుంది. ముత్తవ్వ మూకుడు లేదని నాకు కడుపు తరుక్కుపోయింది, కానీ వాడి మొహం చూశాక ఆ మాట ఎత్తబుద్ధి కాలేదు.

"ఒకసారి దీన్ని నదిలో పడేద్దామని కోటు కింద పెట్టుకెళ్తుంటే అమ్మ పట్టుకుందక్కా," అన్నాడు డోయల్. "తిట్టలేదు. 'అక్కడ పెట్టు నాన్నా, అది మంచిదే, భయపడకుండా తిను' అంది. పాపం ఆమెకేం తెలుసులే అనుకున్నా."

"ఆ తర్వాత కూడా తినలేదా?"

"ఒక్క ముక్క కూడా తినలేదు. ఆవిడ పెట్టడం మానలేదు, నేను తోసెయ్యడం మానలేదు. నలభై ఏళ్లక్కా."

"నువ్వు వదిలేసిన ముక్క పారేసేది కాదురా. మీరంతా వెళ్లాక తనే తినేది," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. అమ్మ పోయిన రోజున కూడా ఏడవనివాడు మూకుడు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.