కడిగి పంపిన క్యారియర్

సూర్యాపేట బస్టాండు మొత్తంలో బీరయ్య ముక్కుకు సాటి లేదు. కళ్లు మూసుకునే, తవుడు వాసనొస్తే మిర్యాలగూడ బస్సని, పత్తి వాసనొస్తే తిరుమలగిరి బస్సని చెప్పేవాడు.

ఆ రోజూ మూత్రశాల గోడ మీది పాన్ ఉమ్ము గీకుతున్నాడు. తూముకు గుట్కా పొట్లాలు అడ్డంపడి, ఎవరిదో వాంతి పైకి తేలింది. చేత్తోనే తోడాడు. పదకొండేళ్లుగా ఇదే నౌకరీ, అయినా రోత పోలేదు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాక కూడా తన వేళ్లను పరాయివాడి వేళ్లలా చూసుకుంటాడు.

పన్నెండింటికి ఆత్మకూరు బస్సులో, డ్రైవరు పక్కన, క్యారియర్ వచ్చింది. వెంట మనిషి ఉండడు. అక్కడ భార్య యాదమ్మ ఎక్కిస్తే ఇక్కడ బీరయ్య దించుకుంటాడు. తిన్నాక కడిగి, అడుగు గిన్నెలో బెల్లంముక్కో అరటిపండో పెట్టి సాయంత్రం బస్సులో పంపుతాడు. అన్నం తెచ్చిన గిన్నెను ఉత్తగా పంపకూడదు. యాదమ్మకు అదే కబురు: మనిషి తిన్నాడు, బాగున్నాడు. "మెతుకు మిగిలొచ్చిందా, వచ్చి నిన్ను ఇంటికి గుంజుకపోత" అని ఆమె ఒట్టు. గొర్లమంద రోగంతో పోయాక ఇంటికి ఈ నౌకరే దిక్కు. అందుకే తినబుద్ధి కాకపోయినా తింటాడు.

గోపాల్ హోటల్లో మూత తీశాడు. టీవీలో వార్త వస్తోంది: మనిషి లేని ఓడ ఒకటి, ఆకాశంలో తిరిగే అంతరిక్ష కేంద్రంలోని వాళ్లకు తిండీ నీళ్లూ మోసుకుపోయిందట.

"నీ క్యారియర్ లెక్కనే బీరన్నా! గాడ డ్రైవర్ గూడ లేడు," గోపాల్ నవ్వాడు. "తిన్నంక దాంట్లనే మాసిన బట్టలు, చెత్త, ఆఖరికి దొడ్డికి పోయింది గూడ నింపి ఇడుస్తరంట. నడిమిట్లనే కాలిపోతది."

బీరయ్య ముద్ద నోటి దగ్గరే ఆగింది.

"థూ! బువ్వ తెచ్చిన గిన్నెల పియ్యి నింపుతరా? గంత సదువుకున్నోళ్లు, కడిగి పంపాలన్న ఇగురం లేదా?"

"కడుగుదామంటే గాడ నీళ్లేడియే?"

"లేకుంటే నాకి పంపాలె!"

హోటలంతా నవ్వింది. బీరయ్య నవ్వలేదు. ఛాతీలో ఏదో పట్టేసింది. రోతవల్లే అనుకున్నాడు. అంత రోతలోనూ మెతుకు మిగల్చలేదు. కొళాయి దగ్గర నాలుగు గిన్నెలూ తళతళా రుద్ది, బోర్లించి, గోడకు ఆనుకున్నాడు.

ఆ ముక్కు గొప్పంతా ఒట్టిదే. ఫినాయిల్ దాన్ని ఏనాడో తినేసింది. బస్సుల్ని హారన్ విని పోల్చేవాడు. సాయంత్రం ఆత్మకూరు బస్సు హారన్ కొట్టింది. బీరయ్య లేవలేదు. గోపాల్ వచ్చి భుజం తట్టాడు. ఒళ్లు చల్లబడి ఉంది.

"నేనెట్ల చెప్పాలె యాదమ్మక్కకు? నాతోని కాదు," అన్నాడు డ్రైవరు. క్యారియర్ మాత్రం తీసుకున్నాడు. గోపాల్ అడుగు గిన్నెలో బెల్లంముక్క పెట్టాడు.

ఆ బెల్లంముక్క ఈ కథ చెప్పేవాడి కల్పన. నిజానికి గిన్నెలో ఏదైనా పెట్టాలని ఎవరికీ తోచలేదు. డ్రైవరు పక్కన క్యారియర్ ఉత్తగానే పోయింది, అడుగు గిన్నె అంచు మడతలో కడిగిన నీటిచుక్క ఇంకా ఆరకుండా.