మధ్యలో తేరుకోవడం

కింద ఉతికిన దుప్పట్ల బకెట్ మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కేసరికి ఊపిరాడక తలుపు పట్టుకుని నిలబడిపోయాను. "మెట్లకే ఇంత ఆయాసమా? హాకీ ఆడేదని మా వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నానే!" పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వాడు మా ఆయన.

ఆయాసం నాకు కొత్త కాదు. కాలేజీ జట్టులో మా కోచ్‌ని ఈలక్క అనేవాళ్ళం. మెళ్ళో ఈల లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. మైదానంలో ఈ గీత నుంచి ఆ గీతకి ప్రాణం పెట్టి పరిగెత్తించేది, కాస్త ఆగనిచ్చి మళ్ళీ ఈల ఊదేది. మొదటి పరుగులో నన్ను మించినవాళ్ళు లేరు. తర్వాత్తర్వాత కాళ్ళు బండలయ్యేవి. మా జట్టులో పొట్టిది మాత్రం మొదట ఎలా పరిగెత్తిందో చివరికీ అలాగే పరిగెత్తేది.

"దాని గుట్టేంటక్కా?" అని ఏడుపు మొహంతో అడిగాను.

"అది రోజూ ఇంటి నుంచి పరిగెత్తుకుంటూ వస్తుందే, పిచ్చిమొద్దూ. నువ్వు బస్సులో వస్తావు. మెల్లగా, చాలాసేపు, కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తితే గుండెకి దమ్ము వస్తుంది. అప్పుడు ఆగిన ఆ కాస్తలోనే ఒళ్ళు తేరుకుంటుంది. పరుగు అందరూ తీస్తారు. మధ్యలో తేరుకున్నవాళ్ళదే ఆట."

ఆ చలికాలమంతా పొట్టిదీ నేనూ పొద్దున్నే మంచులో పరిగెత్తాం. పరీక్షలు, ప్రేమలు, వాళ్ళ వదిన గయ్యాళితనం... రోడ్డు అయిపోయేది గాని కబుర్లు తరిగేవి కావు. వేసవి వచ్చేసరికి, ఈల మోగేలోపే నా ఊపిరి నా దగ్గరికి తిరిగొచ్చేసేది. అంత ధీమా మళ్ళీ ఎరగను.

పెళ్ళైన కొత్తలో ఓ పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే, "ఇంత పొద్దున్నే ఎక్కడికమ్మా? అందరూ లేచే వేళ కదా," అన్నారు అత్తగారు. మెత్తగానే అన్నారు. మెత్తగా అన్న మాటకి ఎదురు చెప్పడమే కష్టం. పరుగులైతే మానలేదు. పొంగే పాలకి, కదిలే బస్సుకి, ఆఫీసులో మేనేజరు అర్జెంటు పనికి, మందులకని పిలిచే మామగారికి, పిల్లదాని లెక్కలకి. అన్నీ ప్రాణం పెట్టి తీసే పరుగులే. తేరుకునే దమ్మునిచ్చే ఆ మెల్లని పరుగు ఒక్కటే, ఎవరికీ అక్కర్లేనిది కనక, అన్నిటికన్నా ముందు పోయింది.

దుప్పట్లు ఆరేసి, పొట్టిదానికి ఫోన్ చేశాను. ఈ ఊళ్ళోనే ఉంటుంది. పెళ్ళిళ్ళలో తప్ప కలవం.

"ఇంకా పరిగెత్తుతున్నావుటే?"

"పరుగా! మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. ఏం?"

"రేపు పొద్దున మీ ఇంటికొస్తున్నా. మెల్లగానే వెళ్దాం."

"రావే. చెప్పాల్సినవి బోలెడున్నాయి," అంది.

మర్నాడు గడప దాటుతుంటే వెనకనుంచి మా ఆయన అడిగాడు. "మరి ఇక్కడి పనులెవరు చూస్తారు?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం ఈసారి ఆయన్నే వెతుక్కోనిచ్చాను.