బావ గొంతులో ఈ-సిక్స్

ఇంట్లో అందరూ అతన్ని సైంటిస్టు అనేవారు. ఎగతాళిగా మొదలైన పిలుపు చివరికి పేరై కూర్చుంది. అతను ఒక వైరస్ తయారుచేసే ఈ-సిక్స్ అనే ప్రోటీన్ మీద పరిశోధన చేసేవాడు. "ఒక్కదాని మీదేనా? ఇన్నేళ్లూనా?" అని బావ ఒకసారి అడిగాడు. అవునన్నాడు సైంటిస్టు. బావ జాలిగా అతని భుజం తట్టి టీవీ పెట్టాడు.

బావకు డ్రైవింగ్ స్కూలు ఉంది. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని "మెల్లగా, మెల్లగా" అని అరవడమే ఆయన ఉద్యోగం. మెడ మీద చిన్న గడ్డ చేతికి తగిలినప్పుడు, తల తిప్పి తిప్పి మెడ పట్టేసిందనుకున్నాడు. నొప్పి లేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. అక్క పట్టించుకుంది.

గొంతు డాక్టరు నోరు తెరిపించి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. టాన్సిల్‌లో క్యాన్సర్ అని, అక్కణ్ణుంచి మెడలోకి దిగిందని తేలింది. బావ జీవితంలో సిగరెట్ ముట్టలేదు. మరెందుకొచ్చిందని అడిగితే, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల అంది డాక్టరు.

అక్క వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. "నీ వైరసేనటరా," అంది, అతనే పెంచి వీధిలోకి వదిలినట్టు.

మర్నాడు సైంటిస్టు వచ్చి వంటగదిలో బల్ల ముందు కూర్చున్నాడు. అక్కా బావా ఎదురుగా కూర్చున్నారు.

"కణంలో ఒక కాపలా ప్రోటీన్ ఉంటుంది," అని మొదలుపెట్టాడు. "కణం దెబ్బతింటే దాన్ని ఆపేస్తుంది. బాగుపడకపోతే చంపేస్తుంది. వైరస్‌లోని ఈ-సిక్స్ ఆ కాపలాదాన్ని చెత్తలో పారేయిస్తుంది."

"పాపం," అన్నాడు బావ.

"కణం అదే పనిగా రెండుగా చీలిపోకుండా పట్టి ఉంచే ప్రోటీన్ ఇంకోటుంది. వైరస్‌లోదే ఈ-సెవెన్ అనే మరో ప్రోటీన్ దాని పని పడుతుంది."

"అంటే స్టూడెంట్ కాలి కింద బ్రేకూ పోయింది, నా కాలి కింద బ్రేకూ పోయింది."

"సుమారుగా," అన్నాడు సైంటిస్టు. సుమారుగా అనే మాట అతనికి ఇష్టం ఉండదు.

"అదంతా వచ్చాక చేసే పని," అంది అక్క. "అసలెలా వచ్చింది?"

"ఈ-సిక్స్‌లో నూట యాభై చిల్లర అమైనో ఆమ్లాలు..."

"అది కాదు నేనడిగింది."

సైంటిస్టు మంచినీళ్లు తాగాడు. "దగ్గరి సంబంధం వల్ల వస్తుంది."

"దగ్గరి చుట్టాల నుంచా?" అన్నాడు బావ.

"చుట్టరికం కాదు బావా. పడకగది సంబంధం. అందులోనూ నోటితో..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "చాలామందికి వస్తుంది. వచ్చినట్టు తెలియకుండానే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది."

బావ ఉప్పు డబ్బా మీద అక్షరాలు చదవసాగాడు. అక్క లేచి, కడిగిన కప్పుల్నే మళ్లీ కడిగింది.

సైంటిస్టును కారులో దింపుతూ బావ నోరు విప్పాడు. "పెళ్లికి ముందు ఒకావిడ ఉండేది. మీ అక్కకు తెలుసు. అప్పటిదంటావా?"

"చెప్పలేం బావా."

"ఇంత చదివా?"

"ఇంత చదివే."

చికిత్స మొదలైంది. ముఖానికి వలలాంటి మాస్కు బిగించి, కదలకుండా పడుకోబెట్టి రేడియేషన్ ఇచ్చేవారు. దానితోపాటు మందులు ఎక్కించేవారు. నోరంతా పూసింది. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. ఏం పెట్టమంటావని అక్క సైంటిస్టుకు ఫోన్ చేసింది.

"నాకు తెలియదక్కా. మా ల్యాబులో కణాలకు నోరుండదు."

ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో నర్సు చెప్పింది. చేసేదేమీ లేక సైంటిస్టు తోడుగా ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు బావ లోపలికి వెళ్లాక, బయట కుర్చీలో కూర్చున్న అక్క ఉన్నట్టుండి అంది.

"నా వల్లేనేమోరా."

"ఏది?"

"చిన్నోడు పుట్టాక గర్భాశయం దగ్గర ఏదో మచ్చుందని కాల్చారు. ఈ వైరసే అన్నారు. మీ బావకు ఆడవాళ్ల సమస్య అని చెప్పి ఊరుకున్నాను. నేనే అంటించానేమో."

ఇన్నాళ్లూ అక్క బావను అనుమానిస్తోందనుకున్నాడు సైంటిస్టు. లెక్కలు చెప్పబోయి మానుకున్నాడు.

"నువ్వు ఆయనకిచ్చావో, ఆయనే నీకిచ్చాడో, మీ పెళ్లికి ముందే ఇద్దరికీ ఉందో ఎవరూ తేల్చలేరు. కావాలని ఎవరూ ఇవ్వలేదు."

"ఓదార్చడానికి అంటున్నావా?"

"నాకు ఓదార్చడం రాదు కదా."

అక్క ఆలోచించింది. నిజమేననిపించినట్టుంది, అప్పుడు ఏడ్చింది.

బావ ముఖం మీద వల గీతలతో బయటికొచ్చాడు. అక్క ఆయన్ను కూర్చోనివ్వకుండానే సంగతంతా చెప్పేసింది. రేడియేషన్ వల్ల ఆయనకు గొంతు పెగలడం లేదు.

"నువ్వు నన్ను అనుమానిస్తున్నావని ఇన్నాళ్లూ హడలి చస్తున్నాను," అన్నాడు గుసగుసగా.

"మిమ్మల్నా? మిమ్మల్నెందుకు అనుమానిస్తాను?"

"ఎందుకు అనుమానించవు?" అన్నాడు బావ, కాస్త నొచ్చుకుని.

ఎదురు బెంచీ మీద ఎవరో నవ్వారు. బావ అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడితే నొప్పి.

కొన్ని నెలల తర్వాత తీసిన స్కానులో గడ్డ కనిపించలేదు. ఈ వైరస్ తెచ్చిన క్యాన్సర్లు చాలావరకు చికిత్సకు బాగా లొంగుతాయని, అయినా కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు చెప్పింది. పిల్లలిద్దరికీ, అబ్బాయికి కూడా, ఈ వైరస్ సోకకుండా టీకా వేయించమంది. అక్క ఆ వారమే వేయిస్తానంది.

ఇంటికి వెళ్తూ, ఏ రోడ్డున వెళ్లాలన్నదాని మీద మొగుడూ పెళ్లాలు ఇంటిదాకా పోట్లాడుకున్నారు. వెనక సీట్లో సైంటిస్టుకు ప్రాణం హాయిగా ఉంది.