ఎగపోత

"గోడ తడపకుండ కొడ్తున్నరు, మీ ఇండ్లల్ల ఊపిరి తీసుకునేటోళ్లు లేరార?"

కామాటిపురలో పక్కనున్న పాత గదుల చాల్‌ను కూలగొట్టిస్తున్న కూలీల పెద్ద, ముకద్దం సాయిలును లసుమవ్వ రెండో అంతస్తు నుంచే నిలదీసింది. ముప్పై ఏళ్లు ఇలాంటి పనుల్లోనే తట్ట మోసిన మనిషి ఆమె. దుమ్ము అణిగేలా నీళ్లు కొట్టకుండా సుత్తె ఎత్తకూడదని ఒకరు చెప్పక్కర్లేదు.

ఆమె ఒడిలో పిల్లి సోనీ నోరు తెరిచి ఎగపోస్తోంది. పొట్ట కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది. పొద్దున దగ్గితే వెంట్రుకల ఉండ అడ్డం పడిందనుకుంది. తర్వాత ఉక్కపోత అనుకుంది. ఇప్పుడు నాలుక నీలంగా మారుతోంది.

మనవరాలు ప్రాజక్త డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. "ఆజీ, దమ్మా, అదే ఉబ్బసం, ఉండొచ్చంట, గుండెదైనా కావొచ్చంట. ఛాతీల నీళ్లు చేరినా ఇట్లనే అయితదంట. గట్టిగ పట్టుకోకు, ఏం తాపకు, జల్దీ తెమ్మన్నరు."

లసుమవ్వ సోనీ మీది పట్టు వదులు చేసింది. పెనిమిటి చివరి నెలంతా ఇలాగే ఎగపోశాడు. దుమ్మే కదా, అదే పోతుందని అప్పుడు ఊరుకుంది.

పిల్లిని బుట్టలో పెట్టుకుని కిందికి దిగింది. గల్లీకి అడ్డంగా ఇటుక ముక్కల కుప్ప. ప్రాజక్త పిలిచిన టాక్సీ గల్లీ బయట ఫోరస్ రోడ్ మీదే ఆగిపోయింది.

"పిల్లి కోసం పని ఆపాల్నా అవ్వా?" సాయిలు నవ్వాడు. "నీళ్ల ట్యాంకర్ రేపొస్తది."

"రేపటిదాంక దీనికి ఊపిరి ఉంటదా? నీ కూలోళ్ల మొకాలు చూడు, పిండిల ముంచినట్టున్నయి. ట్యాంకర్ వచ్చినంకనే సుత్తె ఎత్తుండ్రి. ముందుగాల ఈ కుప్ప జరిపి టాక్సీకి తొవ్వ ఇయ్యి. ఇప్పుడే."