పడవలో రెండో నర్సు

వసితి శవాన్ని ఎండుకొబ్బరి బస్తాల నౌకలో రాజధాని సువాకు తెచ్చారు. పెద్దాసుపత్రి శవాగారంలో ఆమెకు స్నానం చేయించింది ఆమెతో చదువుకున్న నర్సులమే. కుడి అరచెయ్యి తాడుకు ఒరుసుకుపోయి ఉంది. నాయసి దీవి మొత్తానికి ఆమె ఒక్కతే నర్సు. నొప్పులు పడుతున్న మనిషిని పక్క దీవికి తీసుకెళుతుంటే ఇంజను ఆగింది, అల పడవను తిరగేసింది. పడవవాడు గర్భిణిని ఒడ్డుకు చేర్చాడు. వసితిని మర్నాడు సముద్రమే చేర్చింది.

సాయంత్రానికి ఆరోగ్య శాఖ ప్రకటన వచ్చింది. అనుమతి లేకుండా ప్రయాణం చేసిందట. నాయసిలో రేడియో చెడిపోయి చాలా కాలమైంది. అనుమతి అడగాలన్నా పడవే ఎక్కాలి.

మా నర్సుల సంఘం శాఖ ముందు రెండు కోరికలు పెట్టింది. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీలు తగ్గించాలి. దీవుల్లో ఏ నర్సూ ఒంటరిగా ఉండకూడదు, పడవ ఎక్కితే రెండో నర్సు పక్కన ఉండాలి. మొదటిది ఇస్తాం, రెండోది తర్వాత చూద్దాం అంది శాఖ. సంతకం పెట్టకపోతే రెండూ లేవంది.

సభ చర్చి హాల్లో జరిగింది. సంఘంలో ఎక్కువమందిమి పెద్దాసుపత్రి వాళ్లమే. చాపల మీద ముందంతా మేమే ఉన్నాం. దీవుల నర్సులు తలుపు దగ్గర సంచులు పెట్టుకుని కూర్చున్నారు. శాఖ అధికారి మా ఆచారం ప్రకారం పానీయం చేసుకునే యంగోనా వేరుకట్ట తెచ్చి అధ్యక్షురాలు సలోతే ముందు పెట్టాడు. కట్ట పుచ్చుకుంటే తెచ్చినవాడి మాట పుచ్చుకున్నట్టే. సలోతే పుచ్చుకుంది. మేం చప్పట్లు కొట్టాం. వేరుపొడి నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పతో అందరికీ తాగడానికి పంచారు. ఇంకా ఎవరూ చెయ్యెత్తలేదు, అప్పటికే నిర్ణయం అయిపోయింది.

కొబ్బరిచిప్ప అకోసితా దగ్గరకు వచ్చింది. పోయిన సమ్మెను నడిపింది ఆమె. ఆ తర్వాత ఆమెను దీవులకు పంపారు, మళ్లీ పిలవలేదు. ఆమె తాగలేదు. చిప్పను చాప మీద పెట్టేసింది. మా దగ్గర అంతకన్నా పెద్ద అవమానం లేదు.

సలోతే ఆమె వైపు తిరిగింది. “వార్డుల్లో మన నర్సు పిల్లలు నిలబడి నిద్రపోతున్నారే. నలుగురి కోసం ఇంతమంది నోటి దగ్గర కూడు లాగెయ్యమంటావా?”

“నీ కూడు నువ్వు తినక్కా. నా కంచం అమ్మి కొనుక్కోకు.”

దీవులవాళ్లకు సంబంధించినది వదులుకోవాలంటే ముందు దీవులవాళ్లు ఒప్పుకోవాలి, ఆ మాట నిబంధనల్లో రాయండి అంది అకోసితా. అయితే ఇకనుంచి సంఘాన్ని నాయసి నుంచి చేపల డబ్బా మీద కూర్చుని నడుపుతారన్నమాట అని వెనక ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

అకోసితా నవ్వు ఆగేదాకా ఉంది. “దీవులకు ఎవర్ని పంపుతున్నారో చూశారా? మేం వేరే జాతి కాదు. పోయిన సమ్మెలో మీ ముందు వరుస మేమే.”

చేతులు లేచాయి. సంతకం అయింది.

రాత్రి డ్యూటీలు తగ్గాయి. కొత్త నర్సులు రాలేదు. పగలు ఒక్కొక్కరు రెండు వార్డులు చూడాల్సి వచ్చింది. ఇదేం లెక్క అని మా ఆసుపత్రి నర్సు ప్రేమ్ లత అధికారిని అడిగింది. వారం తిరక్కుండా ఆమెకు నాయసికి బదిలీ వచ్చింది. ఆమె తరఫున మాట్లాడిన ఇద్దరికి మరో రెండు దీవులు వచ్చాయి. తనకు ఈత రాదని ప్రేమ్ లత అధికారికి చెప్పుకుంది.

“మీరెందుకు ఈదడం సిస్టర్? పడవ ఈదుతుంది” అన్నాడాయన.

ఆమె తిన్నగా అకోసితా దిగిన చుట్టాలింటికి వెళ్లింది. అక్కడికి మేమూ ఒక్కొక్కరమే చేరాం. వార్డుల్లో ఇక ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ఎవరి పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు.

బదిలీ అయినవాళ్లను తీసుకెళ్లే నౌక బయలుదేరే రోజు యూనిఫారాల్లోనే రేవుకు వెళ్లాం. డ్యూటీలో ఉన్నవాళ్లకు రోగులను వదిలి రావద్దని మేమే చెప్పాం. సలోతే కూడా వచ్చింది. నౌక మెట్లకు అడ్డంగా కూర్చుని సభ పెట్టాం. అకోసితా అడిగిన నిబంధన మళ్లీ చర్చకు వచ్చింది. ముందు దీవులవాళ్లు చెప్పాలి, తర్వాతే మనం చెయ్యెత్తుదాం అంది సలోతే. వాళ్లు చెప్పారు. మేం ఎత్తాం. చేతులు దించకముందే పోలీసు లారీ వచ్చి నిలిచింది.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు. “దీవుల పోస్టింగు ఉన్నవాళ్లు ఎడమ పక్కకు రండి. మిగతావాళ్లు వెళ్లిపోవచ్చు. మీ మీద కేసు లేదు.”

అకోసితా వెళ్లి ఎడమ పక్కన నిలబడింది. దీవుల నర్సులు వెళ్లారు. ప్రేమ్ లత, ఆ ఇద్దరు వెళ్లారు. మిగిలినవాళ్లం ఎక్కువమందిమి. ఇంటికి దారి తెరిచే ఉంది.

సలోతే లేచింది. చెప్పులు వేసుకుని ఎడమ పక్కకు నడిచింది.

“మీరు కాదు మేడమ్” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నా పేరు కూడా రాసుకో నాయనా. ఇవాళ కాకపోతే రేపు రాస్తావు.”

మేం లేచాం. కుడి పక్కన ఎవరూ మిగల్లేదు.

అకోసితాను ముందు ఎక్కించారు, చేతులు వెనక్కి కట్టి. లారీ నిండింది. రెండో లారీ వచ్చింది, అందులోంచి దిగినవాళ్ల చేతుల్లో లాఠీలున్నాయి. నౌక నర్సులు లేకుండానే కదిలింది. మమ్మల్ని ఎక్కించడం పూర్తికాకముందే ఆసుపత్రిలో షిఫ్టు మారింది. డ్యూటీ దిగినవాళ్లు రేవు గేటు దగ్గర కనిపించారు, నడిచి వస్తున్నారు. ఇన్‌స్పెక్టరు వాళ్ల వైపు చూసి, మూడో లారీ పంపమని ఫోను చేశాడు.