వజ్ర ప్రో, వజ్ర ప్లస్

జ్యేష్ఠమాసము తుదకు వచ్చినను గ్రీష్మము వెడలిపోవ నొల్లక వర్షము ప్రవేశింప సాహసింపక రెండు ఋతువులును నొక్క వాకిట నిలిచి నీవు ముందు నీవు ముందని మర్యాదలాడుకొనుచున్నట్లు తోఁచు నొకానొక గురువారపుఁ బ్రభాతమున, సికిందరాబాదు మారేడుపల్లి యందలి యొక మేడ మూఁడవ యంతస్తున బాలసూర్యకిరణములు వంటయింటి కిటికీ దూరి క్రొత్త గిన్నెల మీఁదఁ బడి తళతళలాడుచుండెను. ఆ గిన్నెల కంటించిన ధరచీటీలలోఁ గొన్ని యింక నూడలేదు. పెండ్లియై యేఁబదిరెండు దినము లగుచుండెను. ఒక్క గ్లాసెడు తేనీటిని దంపతు లిరువురు వంతులు వేసికొని త్రాగుటయే పరమానందముగా నెంచఁబడు కాల మది. అట్టి యానందమునకు ముల్లుగా దాఁపురించినది యొక మదర్‌బోర్డు.

ఆ యింటి యిల్లాలు తరళ చలనచిత్రములకు రంగులు దిద్దు విద్య నభ్యసించిన యువతి. కొల్లేటి పక్షులను గూర్చి చిత్రము తీయుచున్న యొక సంస్థవా రామెకు రెండు నిమిషముల దృశ్యములను బంపి, వానికి రంగులు దిద్ది యాదివారము సాయంకాల మాఱుగంటల లోపలఁ దిరిగి పంపవలసినదనియు నది నచ్చెనేని సంవత్సర మంతయుఁ బని యిత్తుమనియుఁ దెలిపి యుండిరి. వివాహానంతరము లభించిన తొలి యవకాశ మది. కాని యామె పాత ల్యాప్‌టాప్ ఆ భారమును మోయఁజాలక తెరపై గూడబాతు రెక్క విప్పిన తోడనే కొయ్యబాఱి పోవుచుండెను. ఆ రెక్క మరల ముడుచుకొనునప్పటికిఁ బొయ్యి మీఁది పాలు పొంగి పొరలి చల్లాఱుచుండెను.

ఆమె భర్త ప్రద్యుమ్నుఁడు లిఫ్టులు నెలకొల్పు సంస్థలో నింజనీరు. నలువు రెక్కెడు పెట్టెకు నలువదిమంది భారము మోయు త్రాటిని గట్టుట వృత్తిగాఁ గలవాఁ డగుటచే నే వస్తువు నైనను బదిమాఱులు శంకింపక చేతఁ బట్టఁడు. బజారున సిద్ధముగా నమ్ము కంప్యూటరును గొన నిష్టపడక, స్వహస్తములతో నొకదానిఁ గూర్చి దాని ప్రాసెసరును నిర్మాతలు విధించిన వేగమునకు మించి పరుగెత్తించి, యనఁగా నోవర్‌క్లాక్ చేసి, భార్యకుఁ గానుకగా నిత్తునని పెండ్లినాఁడే మాట యిచ్చెను. ప్రాసెసరును ర్యామును దక్కిన యంగములును బీరువాలోఁ బట్టుచీరల ప్రక్కన నొదిఁగి యుండెను. వాని నన్నిటి నొక్కచోఁ గూర్చు పీఠమగు మదర్‌బోర్డు మాత్రము రాలేదు. ఏలయన వజ్ర ప్రో యనియు వజ్ర ప్లస్ యనియు నొకే సంస్థ యొకే ధరకు నమ్ము కవలల వంటి రెండు నమూనాల నడుమ నతని చిత్తము పదునొకండు దినములుగా నూఁగులాడుచుండెను. అఱువదిమూఁడు వరుసల పట్టిక యొకటి వ్రాసి ప్రతిదినమును దానికొక వరుస చేర్చుటయు మఱునాఁ డొక వరుస కొట్టివేయుటయు నతనికి సంధ్యావందనము వలె నిత్యకృత్య మయ్యెను.

నాఁటి యుదయమునఁ దరళ గ్లాసును బల్లపైఁ గొంచెము గట్టిగానే పెట్టి పలికెను.

"ఏవండీ, ఏదో ఒకటి కొనేద్దురూ! ఆదివారం పంపాలి. ఇవాళ గురువారం."

"కొనేస్తాను. కాకపోతే ప్లస్‌లో వేడి నాలుగు డిగ్రీలు తక్కువట. ప్రోలో ఫ్యాను కనెక్షన్ ఒకటి ఎక్కువ. వేగం పెంచాక నాలుగు డిగ్రీలంటే మాటలా?"

"పెళ్ళిచూపుల్లో నన్ను ఇరవై నిమిషాల్లో ఒప్పేసుకున్నారుగా. అప్పుడేమైంది ఈ పట్టిక?"

"నీకు రెండో మోడల్ లేదుగా తరళా!"

కోపముతో నెఱ్ఱవాఱిన యామె మొగమున నవ్వు దొంగ వలెఁ జొరఁబడెను. నవ్వితినను కోప మొకటి దానికిఁ దోడయ్యెను.

శుక్రవార మామె తన పుట్టినింటి యాచారము నాశ్రయించెను. ఏ సంశయము గలిగినను దేవునియెదుటఁ జీట్లు వేసి యొకదానిఁ దీయుట వారి వంశమున వాడుక. స్నానము చేసి దీపము వెలిఁగించి కన్నులు మూసికొని చీటి తీయఁగా ప్లస్ వచ్చెను. ప్రద్యుమ్నుఁడు ఫ్యాను కనెక్షనును దలంచికొని నిట్టూర్చి మూఁడు చీట్లు తీయుట శాస్త్రమనెను. రెండవమాఱు ప్రో వచ్చెను. మూఁడవమాఱు మరల ప్లస్ వచ్చెను. అంత నతఁడు సంకోచించుచు నైదు తీసినచో నిక సందేహ ముండదని పలుకఁగాఁ దరళ చీట్లను బిడికిటఁ జించి యిట్లనెను.

"చాలండీ. దేవుడికైనా విసుగొస్తుంది."

ఇఁక రెండు దినములలోనే యంగములు కూర్పఁబడి పని ముగియవలయును. శనివార ముదయమున నామె యెవ్వరి యనుమతియు వేఁడక బీరువా తెఱచి ర్యాము పలకలు రెంటిని గ్రొత్త చేతిరుమాలునఁ జుట్టి సంచిలో నుంచుకొని భర్తను వెంటఁబెట్టుకొని కంప్యూటరు బజారునకు బయలుదేఱెను. అచ్చట నిరువది యేండ్లుగాఁ గంప్యూటరు విడిభాగము లమ్ముచున్న సులోచనమ్మ యను నామె ప్రద్యుమ్నునిఁ గాంచిన తోడనే రెండు చేతులు జోడించెను.

"వచ్చిండ్రా సారూ! ఇంకొక్కసారొస్తే మీ పేరు మీద ఓ కుర్చీ ఏస్తా." పిదపఁ దరళ వంకఁ దిరిగి, "ఇంట్ల గూడ గిట్లనే సతాయిస్తడా బిడ్డా?"

"ఇంట్లో కూర ఒక్కటే వండుతాను ఆంటీ. రెండు వండితే భోజనం అవ్వదు."

పిమ్మటఁ దరళ చేతిరుమాలు విప్పి ర్యాము పలకలను బల్లపై నుంచెను. ప్రద్యుమ్నుఁ డదరిపడి, "అవెందుకు తెచ్చావ్?" అనెను.

"ఆది జాకెట్టు లేకుండా దర్జీ దగ్గరికి ఎవరైనా వెళ్తారా అండీ? ఆంటీ, ఇవి పెట్టి చూపించండి."

సులోచనమ్మ యట్లేయని ముందుగా ప్లస్ పెట్టె విప్పి పలకను గాడిలో నుంచి యదిమి చూచెను. పలక యంచున నున్న గంటు గాడిలోని గట్టునకు సరిపడక ప్రక్కకుఁ దొలఁగి యుండెను. ఆమె దానిని పైకెత్తి వెలుతురునకుఁ బట్టి చూచి పక్కున నవ్వెను.

"ఇది పాత రకం ర్యాము. ప్లస్‌ల కొత్త రకమే పడ్తది. పన్నెండుసార్లొచ్చిండ్రు, వేడి అడిగిండ్రు, ఫ్యాను అడిగిండ్రు. మీ తాన ఏ ర్యామున్నదో ఒక్కసారన్న చెప్తిరా సారూ?"

ప్రద్యుమ్నుని మొగము వెలవెలఁబోయెను. వేడిమిని విద్యుత్తును మందమును దుదకు రంగును గూడ నెక్కించిన యా పట్టికలో బీరువాలోని తన ర్యామున కొక్క వరుసయు లేకపోయెను. సులోచనమ్మ ప్రో పెట్టె విప్పి పలకను నిలిపి బొటనవ్రేళ్ళతో నదిమెను. టక్కను చిన్న చప్పు డయ్యెను. పదుమూఁడు దినముల వివాద మా చప్పుడుతో ముగిసెను.

అపరాహ్ణమున నతఁడు కూడు నీరు మఱచి యంగములను గూర్పఁగా నాలుగు గంటలకుఁ గంప్యూటరు వెలిఁగెను. తరళ చప్పట్లు చఱచి యతని నుదుటి చెమటను దన కొంగుతో నద్దెను. కాని యతఁ డాసనము వదలఁడయ్యె. వేగము పెంచుటకు రెండే గంటలు చాలునని యారంభించెను. పెంచిన ప్రతిమాఱును దెర నల్లఁబాఱి యంత్రము మొదటికి వచ్చుచుండెను. ఒక్కొక్క పరీక్ష కర్ధగంట చొప్పున సాయంకాల మట్లే హరించిపోవఁ జూచి తరళ కుర్చీవెనుక నిలిచి యతని భుజములఁ బట్టుకొనెను.

"లేవండి."

"ఒక్క మెట్టు..."

"మీ లిఫ్టు తర్వాత ఎక్కుతాను. ఇప్పుడు నన్ను మెట్లెక్కనివ్వండి."

ఆ కంఠమునఁ బరిహాసము లేకుండుట నెఱిఁగి యతఁడు లేచెను. నిర్మాతలు విధించిన వేగమునకే యంత్రమును మరలించి యామె తన దృశ్యములఁ దెఱచెను. తెరపై గూడబాతు రెక్క విప్పెను, తోడనే ముడిచెను, మరల విప్పి నీటిపైకి లేచి యెగిరిపోయెను. ఎచ్చటను దొట్రుపా టొక్కింతయు లేదు. ప్రద్యుమ్నుఁడు నోరు తెఱచి చూచుచుండెను.

"వేగం పెంచితే ఇంకా బాగా..." అని యతఁడు గొణుగఁగా నామె తిరుగకయే యుత్తర మిచ్చెను.

"ఇంకా పెంచితే కొల్లేరు దాటిపోతుంది. వెళ్ళి టీ పెట్టండి."

ఆదివార మంతయు నతఁడు వంట వండి యంట్లు తోమి యామెకు నొక్క ప్రశ్న యైనను వేయక మెలఁగెను. సాయంకాల మైదుగంటల నలువదినిమిషములకు దృశ్యము లా సంస్థకుఁ జేరెను. బుధవారము వారి యంగీకారపత్రము వచ్చెను. ప్రద్యుమ్నుఁడు దానిని భార్యకంటె మున్ను రెండుమాఱులు చదివి, వేగమును బెంచు మాట యెత్తనే లేదు.

గుణములెన్న మొదలిడిన వానికి రెండు వస్తువులును సమానముగానే మేలైనవిగఁ దోఁచును, ఎన్నికకుఁ దుదియు నుండదు. ఇంట నున్నదానితో నేది యిముడునో చూచువాని కా యెన్నిక బొటనవ్రే లదిమినంతలో ముగియును.